రాజ్యాంగం ఎక్కడ మారుతుంది: భావజాలాలు, మెజారిటీలు, వెనక పేజీలు

పాలక పక్షం తన భావజాలానికి తగ్గట్టు రాజ్యాంగాన్ని మారుస్తోందన్న వార్త రాగానే చర్చంతా పీఠిక చుట్టూ తిరుగుతుంది. దేశం స్వభావం ఏమిటి, మతానికి ఏ స్థానం ఇచ్చారు, ఆస్తి హక్కు ఏమైంది, కుటుంబాన్ని ఎలా నిర్వచించారు అని వాదనలు మొదలవుతాయి. ఆ మాటలకు విలువ ఉంది, కాదనడానికి లేదు. కానీ గత యాభై ఏళ్లలో రకరకాల దేశాల్లో రాజ్యాంగాలు మారిన తీరును దగ్గర పెట్టుకుని చదివితే, అధికారం చేతులు మారింది వేరే చోట అని తెలుస్తుంది. జడ్జీలను ఎవరు నియమించాలి, ఒక చట్టాన్ని కొట్టేయడానికి ఎంతమంది జడ్జీలు ఒప్పుకోవాలి, సవరణకు ఎంత మెజారిటీ చాలు, ఓట్లు సీట్లుగా ఎలా మారాలి అనే నిబంధనల్లో ఆ పని జరిగింది. వీటిని ఎవరూ బడిలో బట్టీ పట్టరు, ఎన్నికల సభల్లో ఎవరూ ఎత్తరు. వామపక్షం, మితవాదం, జాతీయవాదం, మార్కెట్ వాదం పీఠిక దగ్గర ఒకదానికొకటి బద్ధ విరోధులు. వెనక పేజీల్లోకి వచ్చేసరికి అందరి చేతిలోనూ దాదాపు ఒకే పనిముట్లు కనిపిస్తాయి.

భావజాలం రాజ్యాంగంలోకి రావడమే తప్పన్న వాదన నిలవదు. ప్రతి రాజ్యాంగమూ ఏదో ఒక కాలపు ఆలోచనతోనే పుట్టింది. మన రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడాదిన్నర లోపే, 1951లో, తొలి సవరణ జరిగింది. జమీందారీ రద్దు చట్టాలను కోర్టులు అడ్డుకోకుండా 31ఎ, 31బి అధికరణలు, తొమ్మిదో షెడ్యూలు వచ్చాయి. వెనుకబడిన తరగతులకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే వీలు కల్పిస్తూ 15(4) వచ్చింది. అదే సవరణ భావప్రకటనా స్వేచ్ఛపై ఆంక్షలకు కొత్త కారణాలనూ చేర్చింది. అదంతా నూటికి నూరుపాళ్లు భావజాలమే. అయితే ఆ తర్వాత ఎన్నికల్లో ఇంకొకరు గెలిచి ఉంటే సవరణ పద్ధతిని చెప్పే అదే 368వ అధికరణ ద్వారా వచ్చి ఆ మార్పును తిరగతోడే దారి తెరిచే ఉంది. ఏ సవరణనైనా తూచవలసింది ఇక్కడే. ఏరు దాటాక తెప్ప తగలేసే సవరణ ఒకటి, తెప్పను ఒడ్డున కట్టి వెళ్లే సవరణ మరొకటి. రెండూ ఒకే భావజాలం పేరుతో రావచ్చు.

మూడింట రెండొంతులు ఎలా సమకూరతాయి

చాలా రాజ్యాంగాలు సవరణకు మూడింట రెండొంతుల మెజారిటీ అడుగుతాయి. అంత మద్దతు కావాలంటే ప్రతిపక్షాన్ని కొంతైనా కలుపుకోక తప్పదని దాని వెనక ఉన్న ఆలోచన. కానీ ఆ లెక్క ఓట్లది కాదు, సీట్లది. ఎన్నికల పద్ధతి ఓట్లను పెద్దవి చేసి సీట్లుగా మారిస్తే ఆ తాళం తనంతట తానే ఊడిపోతుంది.

1971లో ఇందిరా గాంధీ నాయకత్వంలోని కాంగ్రెస్‌కు దాదాపు 43.7 శాతం ఓట్లు వచ్చాయి. 518 లోక్‌సభ స్థానాల్లో 352 దక్కాయి. అంటే 68 శాతం సీట్లు. ప్రాథమిక హక్కులనూ పార్లమెంటు సవరించవచ్చన్న 24వ సవరణ, ఆస్తి హక్కును కుదించిన 25వ సవరణ ఆ బలంతోనే వచ్చాయి. 2010 ఏప్రిల్‌లో హంగరీలో విక్టర్ ఓర్బాన్ పార్టీ ఫిదెస్ కూటమికి పార్టీ జాబితా ఓట్లలో సుమారు 53 శాతం వచ్చాయి. 386 సీట్లలో 263 దక్కాయి. అక్కడా 68 శాతమే. ఒకటి సామ్యవాదం చెప్పిన పార్టీ, ఇంకొకటి సంప్రదాయవాదం చెప్పిన పార్టీ. ఇద్దరికీ రాజ్యాంగం మార్చే అధికారం ఇచ్చింది మాత్రం ఓట్లకు, సీట్లకు మధ్య ఉన్న ఆ తేడాయే.

1999లో వెనెజ్వెలాలో ఇది ఇంకా ఘాటుగా కనిపించింది. అధ్యక్షుడు హ్యూగో చావెస్ పార్లమెంటును పక్కనపెట్టి, కొత్త రాజ్యాంగ సభ కావాలా అని ప్రజలను అడిగారు. ఆ సభకు ఎన్నిక నిర్వహించిన పద్ధతి వ్యక్తులకు ఓటేసేది, ఓట్ల నిష్పత్తిలో సీట్లు ఇచ్చే దామాషా పద్ధతి కాదు. దాంతో 131 స్థానాల్లో 120కి పైగా ఆయన వర్గానికే వెళ్లాయి. ప్రతిపక్షానికి దేశంలో ఓట్లు ఉన్నా సభలో గొంతు లేకుండా పోయింది. సెనేట్ రద్దయింది, అధ్యక్షుడి పదవీకాలం ఐదేళ్ల నుంచి ఆరేళ్లయింది.

మన 368వ అధికరణ రెండు షరతులు పెట్టింది. సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి మద్దతు ఉండాలి. హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు కూడా ఉండాలి. కేంద్ర, రాష్ట్ర అధికారాల జాబితాల వంటివాటిని ముట్టుకుంటే కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు ఆమోదించాలి. ఈ షరతులు ఎంత బరువైనవో 2024 డిసెంబర్ 17న కనపడింది. జమిలి ఎన్నికల కోసం తెచ్చిన 129వ సవరణ బిల్లును ప్రవేశపెట్టే దశలో ఓటింగ్ జరిగితే అనుకూలంగా 269, వ్యతిరేకంగా 198 వచ్చాయి. ప్రవేశపెట్టడానికి మామూలు మెజారిటీ సరిపోతుంది కాబట్టి బిల్లు లోపలికి వచ్చింది. అదే 467 మంది తుది ఓటింగ్‌లో ఉంటే కావలసింది 312. ఈ 43 ఓట్ల తేడాను పూడ్చాలంటే ఎవరితోనో మాట్లాడాలి, ఏదో ఒకటి వదులుకోవాలి. సవరణ నిబంధన పెట్టిందే ఆ మాటామంతీ జరగడం కోసం.

హంగరీ: వరుసలో జరిగిన పని

కొత్త రాజ్యాంగం ఎలా కట్టవచ్చో, అందులో ఏ పని ముందు చేస్తే ఏ పని సులువవుతుందో చూపించడానికి హంగరీ కన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు. పాత రాజ్యాంగంలో 1995లో చేర్చిన ఒక నిబంధన ఉండేది. కొత్త రాజ్యాంగం రాసే పద్ధతిని ఖరారు చేయాలంటే ఐదింట నాలుగు వంతుల సభ్యులు ఒప్పుకోవాలి. ఫిదెస్ దగ్గర అంత బలం లేదు. అయితే ఈ నిబంధనను తొలగించడానికి మూడింట రెండొంతులు చాలని తీసుకుని, 2010లోనే దాన్ని ఎత్తేశారు. పెద్ద తాళాన్ని చిన్న తాళంచెవితో తీసే వీలుంటే అది తాళం కిందికే రాదు. సవరణ నిబంధన రాసేవారు అన్నిటికన్నా ముందు చూసుకోవలసిన లోపం ఇది: ఆ నిబంధననే సవరించాలంటే ఎంత మెజారిటీ కావాలో అందులోనే రాసి ఉండాలి.

తర్వాత కోర్టు. ప్రభుత్వ రంగంలో ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే పెద్ద మొత్తాలపై 98 శాతం పన్ను, అదీ వెనకటి తేదీ నుంచి, వేసే చట్టాన్ని 2010 అక్టోబర్ 26న రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. వారాలు తిరక్కుండానే, బడ్జెట్, పన్నుల చట్టాలపై కోర్టు సమీక్షాధికారాన్ని కొన్ని హక్కుల విషయానికే పరిమితం చేస్తూ సవరణ వచ్చింది. కొత్త రాజ్యాంగం దీన్ని నిలబెట్టి, ప్రభుత్వ అప్పు జీడీపీలో సగాన్ని మించి ఉన్నంతకాలం ఇదే వర్తిస్తుందని రాసింది. చదవడానికి ఆర్థిక క్రమశిక్షణలా ఉంటుంది. పని చేసేది మాత్రం కోర్టు పరిధి మీద.

న్యాయస్థానం సభ్యుల సంఖ్య 11 నుంచి 15కి పెరిగింది. అభ్యర్థులను సూచించే పార్లమెంటరీ కమిటీలో అంతకుముందు ప్రతి పార్టీకీ ఒకే స్థానం ఉండేది, దాన్ని పార్టీల బలాన్ని బట్టి మార్చారు. ఆ చిన్న మార్పుతో ప్రతిపక్షం సమ్మతి అక్కర్లేకుండా పోయింది. మామూలు కోర్టుల జడ్జీల పదవీ విరమణ వయసు 70 నుంచి 62కి దించారు. వందలమంది సీనియర్లు ఒకేసారి వెళ్లిపోవలసి వచ్చింది, వాళ్లలో చాలామంది కోర్టులకు అధ్యక్షత వహిస్తున్నవారు. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2012 నవంబర్‌లో ఇది వయసు ఆధారంగా వివక్ష అని తేల్చింది. అప్పటికి చాలా కుర్చీలు నిండిపోయాయి. పాత స్థానాలకు తిరిగి వచ్చినవారు కొందరే.

2011 మార్చి 14న కొత్త రాజ్యాంగ ముసాయిదా సభలో పెట్టారు, ఏప్రిల్ 18న 262–44 తేడాతో ఆమోదించారు. ఒక దేశపు మూలశాసనానికి ఐదు వారాలు. ప్రజాభిప్రాయ సేకరణ లేదు, సోషలిస్టులు చర్చను బహిష్కరించారు. దేవుడు, క్రైస్తవం, జాతి చరిత్రతో నిండిన పీఠికపై ప్రపంచమంతా రాసింది. సీట్లు 386 నుంచి 199కి తగ్గి కొత్త ఎన్నికల చట్టం రావడంపై అంత రాయలేదు. 2014లో ఫిదెస్ ఓట్లు 45 శాతం దగ్గరకు పడిపోయాయి, సీట్లు 133 వచ్చాయి. 199లో మూడింట రెండొంతులంటే సరిగ్గా 133.

రెండు భావజాలాలు, ఒకే మర

1976లో మన 42వ సవరణ 144ఎ అనే అధికరణను తెచ్చింది. చట్టం రాజ్యాంగబద్ధతను సుప్రీంకోర్టులో కనీసం ఏడుగురు జడ్జీలు విచారించాలి. అది చెల్లదని చెప్పాలంటే వారిలో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. ఏడుగురిలో నలుగురు వద్దన్నా చట్టం నిలుస్తుంది, ఐదుగురు కావాలి. అంతకు మూడేళ్ల ముందు, 1973 ఏప్రిల్ 24న, కేశవానంద భారతి కేసులో, రాజ్యాంగపు మూల లక్షణాలను సవరణతో కూడా చెరపలేరనే మౌలిక స్వరూప సూత్రం 7–6 తేడాతో వచ్చింది. అలాంటి సన్నని మెజారిటీతో ఇకపై ఏ చట్టాన్నీ కొట్టేయకూడదన్నదే 144ఎ ఉద్దేశం.

2015 డిసెంబర్‌లో పోలండ్‌లో లా అండ్ జస్టిస్ పార్టీ తెచ్చిన చట్టం చూడండి. రాజ్యాంగ ట్రిబ్యునల్‌లో 15 మందిలో 13 మంది కూర్చుంటేనే విచారణ. చట్టం చెల్లదనడానికి మూడింట రెండొంతుల మద్దతు. కేసులు వచ్చిన వరుసలోనే విచారించాలి, అంటే కొత్త ప్రభుత్వపు చట్టాల వంతు రావడానికే చాలా కాలం పడుతుంది. ఒకరు సామ్యవాదం పేరుతో, ఒకరు సంప్రదాయ జాతీయవాదం పేరుతో, నలభై ఏళ్ల ఎడంలో ఒకే మరను బిగించారు. ఇద్దరికీ అడ్డు ఒకటే కాబట్టి ఇద్దరి పరిష్కారమూ ఒకటే అయింది.

పోలండ్ కథలో గమనించవలసింది ఇంకా ఉంది. 2015 ఎన్నికల్లో ఆ పార్టీకి 460లో 235 సీట్లే వచ్చాయి, రాజ్యాంగం ముట్టుకునే బలం లేదు. అందుకని రాజ్యాంగంలో ఒక్క అక్షరమూ మార్చకుండా మామూలు చట్టాలతో దాని పని మార్చారు. గొడవకు బీజం వేసింది అంతకుముందు పాలకులే. దిగిపోయే ముందు ఐదుగురు జడ్జీలను ఎన్నుకున్నారు, వాటిలో రెండు స్థానాలు అప్పటికి ఖాళీ కాలేదు. ట్రిబ్యునల్ మూడు ఎన్నికలు చెల్లుతాయి, రెండు చెల్లవు అంది. అధ్యక్షుడు ఆ ముగ్గురితో ప్రమాణం చేయించలేదు, కొత్త సభ ఎన్నుకున్నవారితో చేయించారు. మిగిలిన నిర్వివాద జడ్జీలు 12 మంది. కోరం 13. వివాదాస్పదులను బల్ల దగ్గరకు రానిస్తే తప్ప కోర్టు తెరవడం కుదరదు. 2016 మార్చి 9న ట్రిబ్యునల్ 12 మందితోనే కూర్చుని ఆ చట్టం చెల్లదంది. ప్రభుత్వం ఆ తీర్పును అధికార పత్రికలో అచ్చు వేయలేదు. అక్కడ తీర్పు అమల్లోకి రావాలంటే అచ్చు కావాలి. గెజిట్ ముద్రించే అధికారం ఎవరి దగ్గర ఉందన్న ప్రశ్న కూడా రాజ్యాంగ ప్రశ్నే అయిపోయింది.

చట్టం కూడా మార్చకుండా, వ్యాఖ్యానంతోనే పని జరిపే దారీ ఉంది. జపాన్ 1947 రాజ్యాంగంలో ఇప్పటిదాకా ఒక్క సవరణా జరగలేదు. 96వ అధికరణ ఉభయ సభల్లో మూడింట రెండొంతులు, ఆపై రెఫరెండం అడుగుతుంది. ప్రధాని షింజో అబే 2013లో ఆ మెజారిటీని సగానికి దించాలని ప్రతిపాదించి, వ్యతిరేకత చూసి వెనక్కి తగ్గారు. 2014 జులై 1న ఆయన మంత్రివర్గం యుద్ధాన్ని త్యజించే 9వ అధికరణకు కొత్త అర్థం చెప్పింది. మిత్రదేశంపై దాడి జరిగినా, జపాన్ మనుగడకే ముప్పు వచ్చే పరిస్థితుల్లో బలప్రయోగం చేయవచ్చంది. మరుసటి ఏడాది దానికి తగ్గ చట్టాలు వచ్చాయి. మాటలు అవే ఉన్నాయి, వాటి అర్థం మారింది.

42వ సవరణలో ఏది మిగిలింది

42వ సవరణలో 59 సెక్షన్లు ఉన్నాయి. ఎమర్జెన్సీలో, ప్రతిపక్ష నాయకులు చాలామంది జైళ్లలో ఉండగా ఆమోదం పొందింది. నేటికీ దాని గురించి వాదన వస్తే పీఠికలో చేరిన సామ్యవాద, లౌకిక అనే రెండు పదాల దగ్గరే ఆగుతుంది. వాటిని తొలగించాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 నవంబర్ 25న కొట్టేసింది. పీఠికలో మాటలు న్యాయస్థానాలకు దారి చూపుతాయి, కానీ వాటి ఆధారంగా ఒక ఫైలు ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు కదలదు.

కదిలేవి వేరే ఉన్నాయి. అదే సవరణ ఐదు అంశాలను రాష్ట్రాల జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చింది: విద్య, అడవులు, తూనికలు కొలతలు, వన్యప్రాణుల రక్షణ, న్యాయ పరిపాలన. ఉమ్మడి జాబితాలో కేంద్ర చట్టానికి, రాష్ట్ర చట్టానికి పొసగకపోతే సాధారణంగా కేంద్రానిదే చెల్లుతుంది. వైద్య ప్రవేశ పరీక్షల నుంచి అటవీ భూముల వరకు రాష్ట్రాలకూ కేంద్రానికీ ఇవాళ నడుస్తున్న తగాదాల వెనక ఈ జాబితా మార్పు ఉంది. లోక్‌సభ స్థానాల పంపకాన్ని 1971 జనాభా లెక్కల దగ్గర ఆపిందీ 42వ సవరణే. 2001 తర్వాత తీరాల్సిన ఆ గడువును 84వ సవరణ 2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కల దాకా పొడిగించింది. దక్షిణాది రాష్ట్రాల రాజకీయాన్ని పీఠికలోని రెండు పదాల కన్నా ఈ ఒక్క నిబంధన ఎంతో ఎక్కువగా నడిపించింది. 1976లో దీని మీద జరిగిన చర్చ మాత్రం చాలా తక్కువ.

అంకెను రాజ్యాంగంలో పెడితే

ఆర్థిక భావజాలానికి ఇష్టమైన రూపం అంకె. 2009లో జర్మనీ తన మూలశాసనంలో అప్పుల పరిమితి చేర్చింది. ఫెడరల్ ప్రభుత్వపు నిర్మాణాత్మక లోటు, అంటే ఆర్థిక ఒడిదుడుకుల ప్రభావం తీసేశాక మిగిలే లోటు, జీడీపీలో 0.35 శాతం దాటకూడదు. అప్పటి ఆర్థిక సంక్షోభంలో అది బాధ్యతగా కనిపించింది. 2023 నవంబర్‌లో రాజ్యాంగ న్యాయస్థానం, కరోనా కోసం అనుమతించిన అప్పులో వాడని 6,000 కోట్ల యూరోలను వాతావరణ నిధికి మార్చడం చెల్లదంది. బడ్జెట్ తలకిందులైంది, ఏడాది తిరిగేసరికి సంకీర్ణం కూలింది. విధానంగా ఉండవలసినదాన్ని రాజ్యాంగంలో పెడితే జరిగేది ఇదే: పరిస్థితి మారినప్పుడు మామూలు ప్రభుత్వ మార్పు సరిపోదు, రాజ్యాంగాన్నే మార్చాలి.

మార్చిన తీరు మీద కూడా నిలిచి ఆలోచించాలి. 2025 ఫిబ్రవరి 23న ఎన్నికలు జరిగాయి. కొత్త సభలో 630 సీట్లు, సవరణను అడ్డుకోవడానికి 210కి మించి చాలు. ఈ సవరణకు ఒప్పుకోని తీవ్ర మితవాద పార్టీ ఏఎఫ్‌డీకి 152, లెఫ్ట్ పార్టీకి 64, మొత్తం 216. అందుకని కొత్త సభ కొలువు తీరడానికి వారం ముందు, మార్చి 18న, పాత సభనే పిలిచి 513–207తో సవరణ చేశారు. జీడీపీలో ఒక శాతం దాటిన రక్షణ ఖర్చుకు పరిమితి నుంచి మినహాయింపు, 50,000 కోట్ల యూరోల మౌలిక సదుపాయాల నిధి వచ్చాయి. చట్టప్రకారం పాత సభకు ఆ అధికారం ఉంది. కానీ ఓటరు అప్పటికే తీర్పు చెప్పేశాడు. ఇది మంచి పక్షం చేసిన పని కదా అని ఒప్పుకుంటే, రేపు ఇంకో పక్షం ఇలాగే చేసినప్పుడు అడగడానికి మాట ఉండదు.

అదే జర్మనీ 2024 డిసెంబర్‌లో చేసిన పని నిజంగా ముందుచూపు ఉన్నది. రాజ్యాంగ న్యాయస్థానంలో 16 మంది జడ్జీలు, 12 ఏళ్ల పదవీకాలం, 68 ఏళ్ల గరిష్ఠ వయసు, రెండోసారి ఎన్నిక లేకపోవడం వంటివి అప్పటిదాకా మామూలు చట్టంలో ఉండేవి, సాధారణ మెజారిటీతో మార్చేయవచ్చు. హంగరీ, పోలండ్‌లను చూశాక వాటిని మూలశాసనంలోకి ఎక్కించారు. జడ్జీల ఎన్నికకు మూడింట రెండొంతులు కావాలన్న నియమాన్ని మాత్రం మామూలు చట్టంలోనే ఉంచారు. మూడో వంతు దాటిన ఒక పార్టీ నియామకాలను శాశ్వతంగా ఆపేస్తే ఏం చేయాలన్న భయం అందుకు కారణం. ఒక సభ ఎన్నుకోలేకపోతే ఇంకో సభ ఎన్నుకునే మార్గం తెరిచారు. తాళం మరీ బిగించినా తలుపు పనికిరాదు.

అడ్డు లేకపోవడమే ఓటమికి దారి: చిలీ

పైచేయి పూర్తిగా ఒక పక్షానిదే అయితే ఆ పక్షం అనుకున్నది జరుగుతుందని అనుకుంటాం. చిలీలో రెండుసార్లు అలా జరగలేదు. సైనిక నియంత పినోచే కాలపు 1980 రాజ్యాంగాన్ని మార్చాలని 2020 అక్టోబర్ 25న 78 శాతం మంది ఓటేశారు. 155 మంది రాజ్యాంగ సభలో మితవాద కూటమికి 37 సీట్లే వచ్చాయి. ప్రతి నిబంధనకూ మూడింట రెండొంతులు కావాలన్న నియమం ఉన్నా, మూడో వంతు కూడా లేని పక్షంతో బేరం ఆడవలసిన పని మిగతావారికి లేకపోయింది. 388 అధికరణల ముసాయిదా తయారైంది. బహుళజాతుల రాజ్యం, ప్రకృతి హక్కులు, విస్తృత సామాజిక హక్కులు, సెనేట్ రద్దు, అన్నీ అందులో ఉన్నాయి. 2022 సెప్టెంబర్ 4న 62 శాతం మంది తిరస్కరించారు.

మధ్యలో మారినదేమిటి? రాజ్యాంగ సభ ఎన్నికలో ఓటు ఐచ్ఛికం, 43 శాతం మందే వచ్చారు. తుది ఓటింగ్ తప్పనిసరి, దాదాపు 86 శాతం వచ్చారు. సభను ఎన్నుకున్న జనం, సభ రాసినదాన్ని తూచిన జనం ఒకరు కాదు. 2023లో రెండో ప్రయత్నంలో లెక్క తిరగబడింది. 51 మంది కౌన్సిల్‌లో తీవ్ర మితవాద రిపబ్లికన్ పార్టీకి 23, సంప్రదాయ మితవాదులకు 11. ఆమోదానికి కావలసిన ఐదింట మూడు వంతులు దాటింది, మళ్లీ ఎవరి అడ్డూ లేదు. ఈసారి వాళ్ల కార్యక్రమమే ముసాయిదా అయింది, 2023 డిసెంబర్ 17న దాదాపు 56 శాతం మంది దాన్నీ వద్దన్నారు. అడ్డుకునే బలం ఉన్న ప్రతిపక్షం లేనప్పుడు రాజ్యాంగం పార్టీ మేనిఫెస్టోలా తయారవుతుంది. రెఫరెండం నిజమైనదైతే జనం ఆ తేడా పట్టేస్తారు.

రెఫరెండం ఎప్పుడూ నిజమైనదని కాదు. టర్కీలో 2010 సెప్టెంబర్ 12న 26 అధికరణల ప్యాకేజీకి ఒకే అవును–కాదు పెట్టారు. మహిళలకు ప్రత్యేక చర్యలు, వ్యక్తిగత సమాచార రక్షణ వంటి ఎవరూ కాదనలేనివాటి పక్కనే రాజ్యాంగ న్యాయస్థానాన్ని 11 నుంచి 17కి, జడ్జీల మండలిని 7 నుంచి 22కి పెంచే నిబంధనలు ఉన్నాయి. 58 శాతం అవునన్నారు. 2017 ఏప్రిల్‌లో, అత్యవసర పరిస్థితి నడుస్తుండగా, 51.4 శాతంతో ప్రధాని పదవే రద్దయింది. ట్యునీసియాలో 2022 జులైలో కొత్త రాజ్యాంగానికి 94.6 శాతం అనుకూలత అన్నారు, ఓటేసింది సుమారు 30 శాతం మంది.

సవరణ బిల్లు చేతికొస్తే

పీఠికను ఆఖర్న చదవడం మేలు. ముందుగా సవరణ నిబంధనను ముట్టుకున్నారా అని వెతకాలి. ఎల్ సాల్వడార్ రాజ్యాంగం ప్రకారం ఒక సభ ఆమోదించిన సవరణను ఎన్నికల తర్వాత వచ్చే సభ ధ్రువీకరించాల్సి ఉండేది, అంటే మధ్యలో ఓటరు ఉండేవాడు. 2025 జనవరిలో పాత పద్ధతినే పాటించి ఆ నిబంధనను మార్చారు. ఇకపై నాలుగింట మూడు వంతులుంటే ఒకే సభ రెండు పనులూ చేయవచ్చు. ఆ రోజు వార్తల్లో అది పెద్దగా రాలేదు. జులై 31న అదే సభ 57–3తో అధ్యక్షుడు ఎన్నిసార్లైనా పోటీ చేసే వీలు, ఆరేళ్ల పదవీకాలం, రెండో విడత ఓటింగ్ రద్దు, అన్నిటినీ ఒక్క రోజులో ముగించింది. జులైలో జరిగినదాన్ని అడ్డుకోగలిగిన అవకాశం జనవరిలోనే పోయింది.

తర్వాత జడ్జీల వయసు, సంఖ్య, కోరం, తీర్పుకు కావలసిన మెజారిటీ. సంఖ్య పెంచడం పని భారం తగ్గించడానికని, వయసు తగ్గించడం యువతకు అవకాశమని చెబుతారు. మార్పు వెంటనే ఇప్పుడున్నవారికి వర్తిస్తుందా, ఇకపై వచ్చేవారికి మాత్రమేనా అని చూస్తే ఉద్దేశం బయటపడుతుంది. ఎన్నికల పద్ధతిని, కమిషనర్ల నియామకాన్ని అదే వేటులో మార్చారా చూడాలి. సమయం కూడా చూడాలి. శ్రీలంకలో 2010 సెప్టెంబర్‌లో అధ్యక్షుడి రెండు పర్యాయాల పరిమితిని ఎత్తేసిన 18వ సవరణ అత్యవసర బిల్లుగా వచ్చింది. అప్పట్లో అలాంటి బిల్లుపై సుప్రీంకోర్టు 24 గంటల్లో, మహా అయితే మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పాల్సి ఉండేది. పౌరులు పిటిషన్ తయారు చేసుకునే లోపే గడువు అయిపోయేది. 161–17తో అది నెగ్గింది. 2015లో 19వ సవరణ అధ్యక్షుడి అధికారాలను తగ్గించింది, 2020లో 20వది తిరిగి పెంచింది, 2022లో 21వది మళ్లీ తగ్గించింది. పన్నెండేళ్లలో నాలుగుసార్లు అటూ ఇటూ ఊగిన వ్యవస్థలో ఏ కమిషనూ స్వతంత్రంగా వేళ్లూనుకోలేదు.

చివరగా అమలు సెక్షన్. సవరణ ఎప్పటినుంచి అమల్లోకి వస్తుంది, ఆ తేదీని ఎవరు నిర్ణయిస్తారు అని చెప్పే ఒకటి రెండు వాక్యాలు ఇవి. వీటిని దాటేసి చదవడం చాలామందికి అలవాటు. 42వ సవరణ చేసిన నష్టాన్ని సరిదిద్దడానికి జనతా ప్రభుత్వానికి రెండు సవరణలు పట్టాయి. 43వది 144ఎను తీసేసింది. 1978 నాటి 44వది లోక్‌సభ పదవీకాలాన్ని ఆరేళ్ల నుంచి ఐదేళ్లకు తెచ్చింది, అంతర్గత ఎమర్జెన్సీకి సాయుధ తిరుగుబాటు ఉండాలంది, ఎమర్జెన్సీలోనూ ప్రాణానికి, వ్యక్తిగత స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే 20, 21 అధికరణలను నిలిపివేయడానికి వీల్లేదంది. రాజ్యసభలో కాంగ్రెస్‌కు మెజారిటీ ఉండటంతో ఆ పార్టీ ఒప్పుకున్నవే నెగ్గాయి, ఒప్పుకోనివి వదిలేశారు. మిగిలిన పనిలో కొంత సుప్రీంకోర్టు 1980లో, పార్లమెంటు సవరణాధికారానికి హద్దు లేదన్న 42వ సవరణ నిబంధనను కొట్టేసిన మినర్వా మిల్స్ తీర్పుతో చేసింది.

44వ సవరణలో మూడో సెక్షన్ ముందస్తు నిర్బంధం గురించి. విచారణ లేకుండా ఒకరిని నిర్బంధించే గరిష్ఠ కాలాన్ని, నిర్బంధం సబబేనా అని పరిశీలించే సలహా మండలి అభిప్రాయం లేనప్పుడు, మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించాలి. ఆ మండలిని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు ప్రకారం వేయాలి. పార్లమెంటు ఆమోదించింది, 1979 ఏప్రిల్‌లో రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. వేర్వేరు సెక్షన్లను వేర్వేరు తేదీల్లో అమల్లోకి తెచ్చే అధికారం మాత్రం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. మూడో సెక్షన్‌కు ఆ నోటిఫికేషన్ ఎన్నడూ వెలువడలేదు. ప్రభుత్వాన్ని ఆదేశించాలని కోరితే సుప్రీంకోర్టు ఏ.కె. రాయ్ కేసులో నిరాకరించింది. ఆ తర్వాత అన్ని రంగుల పార్టీలూ కేంద్రంలో అధికారం చేపట్టాయి. 22వ అధికరణలో నేటికీ అమలవుతున్నది పాత మూడు నెలల పాఠమే.